యూరప్ వీసా కోసం ఖాతాలో అప్పు డబ్బు చూపించాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. మావారికి హార్డ్‌వేర్ షాపు ఉంది. పిల్లలకు 14, 10 ఏళ్లు. వచ్చే మే నెల సెలవుల్లో 12 రోజులు పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ చూసి రావాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాం. ఏజెంట్ మొత్తం 9 లక్షలవుతుందన్నాడు. వీసా రావాలంటే ఖాతాలో 10 లక్షలు కనిపించాలట. నా జీతం ఖాతాలో 1.9 లక్షలున్నాయి. ఇద్దరి పేరు మీద 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. 5 లక్షల చిట్టీ ఏప్రిల్‌తో అయిపోతుంది. మా తమ్ముడు 6 లక్షలు ఒక నెలకు ఇస్తానంటున్నాడు. అది ఖాతాలో వేసుకోవాలా, డిపాజిట్ తీసేయాలా, బంగారం కుదువ పెట్టాలా? వీసా రాకపోతే ఎంత నష్టపోతాం?

జవాబు: మూడూ వద్దండీ. మీ దగ్గర ఇప్పుడున్న డబ్బు వీసా దరఖాస్తుకు సరిపోతుంది. 9 లక్షల ప్రయాణానికి సరిపోతుందా అన్నది వేరే సంగతి. ఏజెంట్ ఈ రెండింటినీ కలిపేసి మిమ్మల్ని టెన్షన్ పెట్టాడు. ముందు వీసా సంగతి చూద్దాం.

ఖాతాలో 10 లక్షలుండాలని షెంజెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) నిబంధనల్లో ఎక్కడా లేదు. అక్కడున్న రోజులకు సరిపడా ఖర్చు పెట్టుకోగలరని చూపించాలి, అంతే. దానికి ఒక్కో దేశానికి ఒక్కో లెక్క ఉంది. ఫ్రాన్స్ అయితే, హోటల్ బుకింగ్ చూపిస్తే మనిషికి రోజుకు 65 యూరోలు, బుకింగ్ లేకపోతే 120 యూరోలు అడుగుతుంది. స్విట్జర్లాండ్ లెక్క మనిషికి రోజుకు 100 ఫ్రాంకులు. మీ నలుగురికీ 12 రోజులకు ఫ్రాన్స్ లెక్కే వేసుకుంటే 3,120 యూరోలు. యూరో 105 రూపాయలనుకుంటే దాదాపు 3.28 లక్షలు. స్విట్జర్లాండ్‌లో ఉండే రోజులకు కొంత ఎక్కువ పడుతుంది. అది కలిపినా, విమాన టికెట్ల ఖర్చు కలిపినా, మీ జీతం ఖాతా, డిపాజిట్ కలిసి 7.9 లక్షలున్నాయి. ఇందులో ఒక్క రూపాయి కూడా మీరు అరువు తెచ్చుకున్నది కాదు.

స్టేట్‌మెంట్ చూసే అధికారి చివరి బ్యాలెన్స్ ఒక్కటే చూసి పక్కన పెట్టరు. మామూలుగా మూడు నెలల స్టేట్‌మెంట్ అడుగుతారు, కొన్నిచోట్ల ఆరు నెలలది. ఆ నెలల్లో జీతం ఏ తేదీన పడింది, ఇంటి ఖర్చులు ఎలా పోతున్నాయి, నెలాఖరుకు ఎంత మిగులుతోంది అన్నదంతా కనిపిస్తుంది. ఎప్పుడూ రెండు లక్షలు దాటని ఖాతాలో దరఖాస్తుకు ముందు ఒక్కసారిగా 6 లక్షలు వచ్చి పడితే మొదట కన్ను పడేది దాని మీదే. ఎక్కడిదని అడిగితే మీరేం చెబుతారు? తమ్ముడిచ్చాడు, వచ్చే నెల తిరిగి ఇచ్చేయాలి అని చెబితే, అది ప్రయాణానికి ఖర్చు పెట్టే డబ్బు కాదని మీరే ఒప్పుకున్నట్టు. బహుమతిగా ఇచ్చాడంటే అబద్ధం. ఇచ్చిన సమాచారం నమ్మదగినదిగా లేదన్న కారణంతో వీసా తిరస్కరించవచ్చు. ఆ వివరాలు షెంజెన్ దేశాలన్నీ చూసే వీసా సమాచార వ్యవస్థలో ఐదేళ్లు ఉంటాయి. నిజంగా కట్టగలిగిన కుటుంబం మీది. అరువు డబ్బు చూపించి అనుమానం పాలవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

తమ్ముడు ఆ డబ్బు నగదుగా ఇస్తానంటున్నాడేమో కూడా చూసుకోండి. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకుంటే అంత మొత్తమే పెనాల్టీ పడే అవకాశం ఉంది. అతను నిజంగానే మీ ప్రయాణానికి సాయం చేయాలనుకుంటే, అంటే తిరిగి తీసుకోకుండా, దానికి సక్రమమైన దారి ఉంది. ఖర్చు తనే భరిస్తున్నానని ఉత్తరం రాసి, తన స్టేట్‌మెంట్లు, రిటర్నులు జతచేయొచ్చు. మీ విషయంలో దాని అవసరం నాకు కనిపించడం లేదు.

డిపాజిట్ తీసేస్తే పెనాల్టీ పోతుంది, వడ్డీ తగ్గుతుంది. వీసాకు ఒరిగేది కూడా ఏమీ లేదు. డిపాజిట్ ఉన్నచోటే ఉంచి, బ్యాంకు నుంచి సీలు, సంతకంతో సర్టిఫికెట్ తీసుకోండి. పొదుపు ఖాతా స్టేట్‌మెంట్ కూడా ఆన్‌లైన్ ప్రింటు తీసి వదిలేయకుండా బ్యాంకు ముద్ర వేయించుకోండి. బంగారు రుణమైతే అసలు తలపెట్టకండి. వడ్డీ కట్టి తెచ్చిన డబ్బు అదే నెలలో స్టేట్‌మెంట్‌లో అప్పుగానే కనిపిస్తుంది.

మీ ఫైలులో అన్నిటికంటే బలమైన కాగితాలు మీ ఉద్యోగానివి. చాలామంది దరఖాస్తులు పోయేది డబ్బు తక్కువై కాదు, ‘వెళ్లినవాళ్లు తిరిగి వస్తారా’ అన్న అనుమానంతో. ట్రెజరీ నుంచి నెలనెలా పడే జీతం, మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16, బడి మళ్లీ తెరిచే తేదీ, ఇవన్నీ ఆ అనుమానానికి జవాబే. అయితే ప్రభుత్వ ఉద్యోగి విదేశానికి వెళ్లాలంటే శాఖ అనుమతి ఉండాలి. సెలవులే కదా అని వదిలేయొద్దు. ఆ ఫైలు హెచ్.ఎం. దగ్గర మొదలై పై ఆఫీసులకు వెళ్లి రావడానికి వారాలు పట్టొచ్చు. ఈ నెలలోనే దరఖాస్తు పెట్టండి. నా లెక్కలో మీకున్న అసలైన చిక్కు ఇదే, 10 లక్షలు కాదు.

మీవారి కాగితాల మీద కొంచెం శ్రద్ధ పెట్టాలి. షాపు వాళ్ల దగ్గర రోజూ నగదు తిరుగుతుంది, ఖాతాలోకి వచ్చేది కొంతే. స్టేట్‌మెంట్ చూస్తే ఆదాయం తక్కువగా, రిటర్నులో వేరేలా కనిపిస్తుంది. ఇప్పటి నుంచి రోజువారీ అమ్మకాల నగదును క్రమంగా కరెంట్ ఖాతాలో జమ చేయమనండి. ఆయన సొంత ఖర్చుకు తీసుకునే మొత్తం నెలకోసారి పొదుపు ఖాతాకు బదిలీ చేసుకుంటే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఇది వీసాకు వేసే వేషం కాదు. రేపు బ్యాంకులో షాపు లోను కోసం వెళ్లినా ఇదే అడుగుతారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్, రిటర్నులు, ఆదాయపు పన్ను రిటర్నులు, షాపు లైసెన్సు జతచేయండి. తెలుగులో మాత్రమే ఉన్న కాగితాలకు ఇంగ్లిష్ అనువాదం పెట్టండి.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్నది ఏజెంట్ ఇష్టం కాదు. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ఫలానా దేశం వీసా తొందరగా ఇస్తుంది, దానికి వేసి తర్వాత బుకింగులు మార్చేద్దాం అని ఎవరైనా చెబితే వినకండి. విమానాశ్రయంలో పిల్లలను పక్కన పెట్టుకుని జవాబు చెప్పుకోవాల్సింది మీరు, అతను కాదు.

తేదీల మాటకొస్తే, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందు చేయాలి. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది, కొన్నిసార్లు 45 రోజుల దాకా సాగుతుంది. వేసవి ప్రయాణాలకు హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి, ఫిబ్రవరిలో వేలిముద్రలు ఇచ్చేసేలా చూసుకోండి. 12 ఏళ్లు నిండని మీ చిన్నపాపకో బాబుకో వేలిముద్రలు అక్కర్లేదు. పిల్లల పాస్‌పోర్టులు ఐదేళ్లకే ఇస్తారు కాబట్టి గడువు ఇప్పుడే చూడండి. తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు ఉండాలి, రెండు ఖాళీ పేజీలు కూడా.

ఇక వీసా రాకపోతే ఎంత పోతుందని అడిగారు. అది మీరు ఏ వరసలో ఖర్చు పెడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. 2024 జూన్ నుంచి వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 12 లోపు పిల్లలకు 45 యూరోలు. మీ పెద్ద సంతానానికి 14 కాబట్టి పూర్తి ఫీజే. అంటే 315 యూరోలు, సుమారు 33,000 రూపాయలు. వీసా ఇచ్చినా ఇవ్వకపోయినా ఇది తిరిగి రాదు. పైన దరఖాస్తు కేంద్రం సర్వీసు ఛార్జీ, హైదరాబాద్ రానుపోను ఖర్చు. మీరు రిస్కులో పెట్టాల్సింది ఇంతవరకే. ఆ కేంద్రంలో ఎస్సెమ్మెస్, కొరియర్, లాంజ్ అంటూ అడిగే అదనపు సేవలు మీ ఇష్టం. వాటి వల్ల వీసా త్వరగా రాదు.

నలుగురి టికెట్లు ముందే కొనేస్తే మాత్రం లక్షల్లో పోతుంది. వీసాకు కావలసింది రిజర్వేషన్, డబ్బు కట్టేసిన టికెట్ కాదు. ఎయిర్‌లైన్ సిస్టంలో సరిచూస్తే కనిపించే రిజర్వేషన్ చేయించుకోండి. ఫొటోషాప్‌లో తయారయ్యే టికెట్ జోలికి పోవద్దు. హోటళ్లు ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవే, మీరు నిజంగా దిగబోయేవే బుక్ చేయండి. ప్యాకేజీ తీసుకుంటే, వీసా రాకపోతే ఎంత తిరిగిస్తారో రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. ‘చూసుకుందాం మేడం’ అన్న మాట మీద లక్ష రూపాయలు ఇవ్వకండి.

ప్రయాణ వైద్య బీమా తప్పనిసరి. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉండాలి, షెంజెన్ దేశాలన్నిటికీ వర్తించాలి, మీరక్కడ ఉండే రోజులన్నీ కలవాలి. వీసా రాలేదన్న కాగితం చూపిస్తే చాలా కంపెనీలు ప్రీమియం వెనక్కి ఇస్తాయి. కొనేముందే ఆ షరతు చదవండి. మీకు బీపీ, షుగర్ లాంటివి ఉంటే దాచకుండా రాయండి.

ఒకవేళ తిరస్కరిస్తే కారణం గుర్తు పెట్టిన ఫారం ఇస్తారు. అప్పీలు చేసుకునే హక్కు ఉంటుంది. కారణం సరిదిద్దుకుని మళ్లీ దరఖాస్తు కూడా చేయొచ్చు. మర్నాడే అవే కాగితాలతో మళ్లీ వేయడం మాత్రం ఇంకో 33,000 పోగొట్టుకోవడమే.

ఇప్పుడు రెండో సంగతి, నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది. ఈ ప్రయాణానికి మీరు 9 లక్షలు పెట్టగలరా? మీ లెక్కల్లో 6 లక్షల డిపాజిట్ తప్ప అత్యవసరానికి వేరే ఏమీ కనిపించలేదు. షాపు ఆదాయం ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు. పెద్ద సంతానం రెండేళ్లలో ఇంటర్‌కు వస్తుంది, కాలేజీ ఫీజులు మీకు తెలియనివి కావు. అందుకే డిపాజిట్‌ను వీసా ఫైలులో చూపించండి, ప్రయాణంలో ముట్టుకోకండి. ఖర్చుకు మీకున్నది చిట్టీ డబ్బు, జీతం ఖాతాలో ఒక లక్ష, మే దాకా మిగిల్చుకునేది. అంతా కలిపి ఏడు లక్షల లోపు ఉంటుంది. ప్రయాణాన్ని ఆ ఏడు లక్షల్లోకి తెండి.

చిట్టీని వీసా కోసం ఇప్పుడే పాడుకోవద్దు. ఫిబ్రవరి, మార్చి పాటల్లో తీసుకుంటే పోయేది చాలా తక్కువ. డబ్బు చేతికొచ్చే వేళకు వీసా సంగతి కూడా తేలి ఉంటుంది. చిట్‌ఫండ్ కంపెనీ నుంచి చెక్కుగానో బదిలీగానో తీసుకుని, రసీదు, పాస్‌బుక్ దాచుకోండి. ఈ డబ్బు స్టేట్‌మెంట్‌లో పెద్ద మొత్తంగా కనిపించినా భయపడాల్సింది లేదు. ఎక్కడిదని అడిగితే చూపించడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది.

ఖర్చు తగ్గించాలంటే నేనైతే ఇటలీని ఈసారికి వదిలేస్తాను. మూడు దేశాలు 12 రోజుల్లో అంటే సగం రోజులు రైళ్లలో, హోటళ్లు మారడంలోనే పోతాయి. పది రోజులు పారిస్, స్విట్జర్లాండ్ చాలు. స్విట్జర్లాండ్‌లో మీ ఇద్దరూ స్విస్ ట్రావెల్ పాస్ కొంటే, ఫ్యామిలీ కార్డు మీద 6 నుంచి 15 ఏళ్ల పిల్లలు మీతో ఉచితంగా ప్రయాణించవచ్చు. మీ పిల్లలిద్దరూ ఆ వయసులోనే ఉన్నారు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంకు 18 ఏళ్లలోపు వారికి టికెట్ లేదు. ప్యాకేజీలో పిల్లలకు కూడా పెద్దవాళ్ల రేటు వేశారేమో ఏజెంట్‌ను అడగండి. ఏడు లక్షల్లో కుదరలేదంటే ఒక ఏడాది వాయిదా వేయండి. అప్పటికి పెద్ద సంతానానికి 16 నిండకపోతే ఈ రాయితీలు పోవు.

ప్యాకేజీ బిల్లులో టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందుగానే వసూలు చేసే పన్ను) అని కొంత వసూలు చేస్తారు. అది మీకు పోయే డబ్బు కాదు, పాన్ మీద జమవుతుంది. రిటర్ను వేసేటప్పుడు పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, ఎక్కువైతే రీఫండ్ వస్తుంది. మీవారికి పన్ను పెద్దగా పడదనుకుంటే బిల్లు మీ పాన్ మీద వేయించుకోండి. మీ జీతంలో కోసే టీడీఎస్‌లో ఇది లెక్కలోకి తీసుకోమని మీ జీతం బిల్లు పెట్టే అధికారికి (డీడీవో) చెప్పొచ్చు.

వెళ్లేటప్పుడు చేతిలో కొద్దిగా యూరోలు, ఫ్రాంకులు, మిగతాది ఫారెక్స్ కార్డులో (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు) పెట్టుకోండి. మామూలు క్రెడిట్ కార్డు విదేశాల్లో గీస్తే సాధారణంగా రెండు నుంచి మూడున్నర శాతం మార్కప్ (అదనపు రుసుము), దాని మీద జీఎస్టీ పడుతుంది. దాన్ని అత్యవసరానికే ఉంచుకోండి. దుకాణంలో మెషీన్ మీద ‘రూపాయల్లో కట్టాలా, యూరోల్లోనా’ అని వస్తే ప్రతిసారీ యూరోలే (స్విట్జర్లాండ్‌లో అయితే ఫ్రాంకులే) నొక్కమని మీవారికి, పిల్లలకు కూడా చెప్పి ఉంచండి. రూపాయలు నొక్కితే వాళ్లకు నచ్చిన మారకం రేటు మీ మీద పడుతుంది.