‘అంకుల్’ అనే మాటకు అసలు అర్థం ఏమిటి?

ఇంగ్లీషులో నేడు పెదనాన్ననూ బాబాయినీ మామయ్యనూ ఒకే తీరుగా సూచించే ‘అంకుల్’ అనే మాటకు మూలార్థం మేనమామ ఒక్కడే.

లాటిన్‌లో తల్లి సోదరుణ్ణి ‘అవుంకులుస్’ అనేవారు. ‘అవుస్’ అంటే తాత కాబట్టి ఆ మాటకు అచ్చంగా ‘చిన్న తాత’ అని అర్థం. తండ్రి సోదరుడికి ‘పత్రుఉస్’ అనే వేరే మాట ఉండేది. ఫ్రెంచిలోకి వచ్చేసరికి ఈ చక్కని భేదం చెరిగిపోయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి ప్రభావం పెరిగి, 1300 ప్రాంతానికి ఇంగ్లీషులో చేరిన ‘అంకుల్’, అక్కడ మేనమామకు అంతకుముందే ఉన్న ‘ఏఆమ్’నూ, తండ్రి సోదరుడికి ఉన్న ‘ఫ్యాదెర’నూ క్రమంగా వాడుకలోంచి తప్పించింది. పాత అర్థం పూర్తిగా పోలేదు: మేనమామకూ మేనల్లుడికీ ఉండే ప్రత్యేక బాంధవ్యాన్ని మానవశాస్త్రంలో ఇప్పటికీ ‘అవంక్యులేట్’ అంటారు.

అంకుల్, ఆంట్ అనేవి మొదటినుంచీ భార్యాభర్తల జంటను సూచించే మాటలని చాలామంది అనుకుంటారు గాని, అది పొరపాటు. ‘ఆంట్’కు మూలమైన లాటిన్ ‘అమిత’ తండ్రి సోదరి, అనగా మేనత్త. పుట్టుకలో ఒకటి తల్లివైపు మాట, మరొకటి తండ్రివైపు మాట.