పెద్ద హోలోగ్రామ్ తెర తలపెట్టిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

గచ్చిబౌలి ఉద్యోగం మానేసి, ప్రత్యేక కళ్లద్దాలేవీ లేకుండానే నిలువెత్తు మనిషి ఎదుట నిలబడినట్టు చూపించే హోలోగ్రామ్ తెర తయారుచేస్తానని రాశావు. ఉద్యోగం సంగతి నువ్వూ మీ అమ్మా తేల్చుకోండి. నేను తెర సంగతే రాస్తాను.

పెట్టుబడి పెట్టేవాళ్లను కలిసేటప్పుడు మొదటి చిక్కు ఒకటి ఎదురవుతుంది. హోలోగ్రామ్ పేరుతో వాళ్లు ఇప్పటికే చాలా చూసి ఉంటారు. ఫంక్షన్ హాళ్లలో గిర్రున తిరిగే ఎల్ఈడీ ఫ్యాన్ల బొమ్మలు, స్టేజీ మీద ఏటవాలుగా కట్టిన పల్చని ఫిల్మ్‌లో కనిపించే ప్రతిబింబాలు అన్నీ ఆ పేరుతోనే నడుస్తున్నాయి. ఈ రెండో ఉపాయం 1862లో లండన్‌లో పెప్పర్ అనే ఆయన దయ్యాన్ని చూపించినప్పటి నుంచీ ఉన్నదే. 2022 జనవరిలో ఇండియా గేట్ దగ్గర పెట్టిన 28 అడుగుల నేతాజీ రూపం కూడా పారదర్శకమైన తెర మీద 30,000 ల్యూమెన్ల ప్రొజెక్టరు వేసిన బొమ్మే. అవి బాగుండవని అనను, కానీ వాటిలో కన్ను ఎప్పుడూ ఒకే తలం మీద నిలుస్తుంది. నువ్వు చేయబోయే దానిలో దగ్గరి వస్తువు మీద చూపు నిలిపితే దూరపు వస్తువు మసకబారాలి. ఆ తేడాను మొదటి సమావేశంలోనే చెప్పు. లేకపోతే ఆరు నెలల తరువాత నీ చిన్న బొమ్మను వాళ్లు పెళ్లి స్టేజీతో పోల్చి పెదవి విరుస్తారు.

ఇక అసలు లెక్కకు వద్దాం. 1947లో భౌతిక శాస్త్రవేత్త డెనిస్ గాబర్ కనిపెట్టిన విషయం ఏమిటంటే, వస్తువు నుంచి వచ్చే కాంతి తరంగాన్ని మరో తరంగంతో కలిపి, ఆ రెండింటి వ్యతికరణాన్ని, అంటే అవి కలిసిన చోట పడే వెలుగు చీకటి చారలను, నమోదు చేస్తే, వెలుగు తీవ్రతతో పాటు దాని దశ (తరంగం ఎక్కడ లేచి ఎక్కడ పడుతోందన్నది) కూడా నిలిచిపోతుంది. ఆ చారలు తరంగదైర్ఘ్యమంత సన్నగా ఉంటాయి కాబట్టే కష్టమంతా వస్తోంది. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌ను తెరకు అటూ ఇటూ 30 డిగ్రీల మేర విచ్చుకునేలా చేయాలంటే పిక్సెల్ అర మైక్రాన్ (మిల్లీమీటరులో రెండు వేల వంతు) ఉండాలి. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న తెరకు అలాంటివి నాలుగు లక్షల కోట్లు కావాలి. ఒక 8కే టీవీలో ఉండేవి మూడు కోట్ల ముప్పై లక్షలు మాత్రమే. లెన్సు పెట్టి బొమ్మను పెద్దది చేస్తే సరిపోతుంది కదా అని నీకు తప్పక తోస్తుంది, కానీ పరిమాణాన్ని ఎంత పెంచితే కోణం అంత తగ్గుతుంది, ఆ రెండింటి లబ్ధం మాత్రం మారదు.

అందుకే నా సలహా ఒక్కటే: తెరను ఎంత పెద్దది చేయాలి అన్న దానికంటే ముందు, వెలుగును ఎక్కడికి పంపనక్కర్లేదో తేల్చుకో. స్టీఫెన్ బెంటన్ అనే శాస్త్రవేత్త 1968లో నిలువు దిశలోని దృశ్యభేదాన్ని (తల పైకీ కిందికీ కదిపితే దృశ్యం మారడాన్ని) వదిలేసినందువల్లే మామూలు తెల్లని వెలుగులో కనిపించే ఇంద్రధనుస్సు హోలోగ్రామ్ సాధ్యమైంది. నీ బ్యాంకు కార్డు మీద మెరిసేది ఆ జాతిదే. తరువాత అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం కదిలే హోలోగ్రామ్‌కు కూడా అదే త్యాగం చేసింది. మన తల ఎక్కువగా పక్కలకే కదులుతుంది కాబట్టి ఆ నష్టం పెద్దగా తెలియదు. నీ మీటరు తెరకు నిలువునా రెండు వేల వరుసలతో సరిపెట్టుకుంటే లెక్క నాలుగు వందల కోట్లకు దిగుతుంది.

ఇంకా పొదుపైన దారి ఒకటుంది. చూసేవారి కంటిపాప కొద్ది మిల్లీమీటర్లే కాబట్టి, గది నిండా వెలుగు చల్లకుండా కన్ను ఉన్న చోటికే పంపవచ్చు. 50 మైక్రాన్ల పిక్సెల్ తీసుకుంటే, రెండు మీటర్ల దూరంలో సుమారు రెండు సెంటీమీటర్ల చూపు కిటికీ, అంటే కన్ను పెడితే బొమ్మ కనిపించే చోటు, ఏర్పడుతుంది. మీటరు తెరకు అప్పుడు 40 కోట్ల పిక్సెళ్లు చాలు, అంటే పన్నెండు 8కే తెరల పని. జర్మనీలోని సీరియల్ (SeeReal) టెక్నాలజీస్ సంస్థ నడిచింది ఈ దారిలోనే. దీనికి మూల్యం ఏమిటంటే, ప్రతి కంటినీ వెంటాడుతూ కిటికీని జరపాలి, జనం పెరిగిన కొద్దీ పని పెరుగుతుంది. కనుక మొదటి తెరను మాల్ కోసం కాక, ఒకే సర్జన్ కూర్చుని స్కాన్ చూసుకునే గది కోసం తలపెట్టు. కంటిని వెంటాడే సాఫ్ట్‌వేర్ కోసం ఐఐఐటీ హైదరాబాద్‌లోని సీవీఐటీ (దృశ్య సమాచార సాంకేతిక కేంద్రం) వాళ్లను సంప్రదించు, దృశ్య శాస్త్రం సందేహాలకు హైదరాబాద్ విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్ర విభాగం ఉంది, చట్రాలు, పెట్టెలు చేయించడానికి రాయదుర్గంలో టీ-వర్క్స్ అనే నమూనా తయారీ కేంద్రం ఉంది.

అయితే ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక పాతకాలపు పని చేయమంటాను. నీ చేత్తో ఒక నిజమైన హోలోగ్రామ్ తియ్యి. అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు పనికిరాదు, నేలమీది గది కావాలి. స్కూటర్ ట్యూబులు సగం గాలితో పరిచి, వాటి మీద ఇసుక పెట్టె పెట్టి, లేజరు, అద్దాలు అందులో గుచ్చు. హోలోగ్రామ్ నమోదయ్యే ఫొటో ప్లేటు పెట్టే ముందు కాంతిని రెండుగా చీల్చి మళ్లీ గోడ మీద కలుపు. అక్కడ పడే చారలను చూస్తూ ఎవరినైనా పక్కగదిలో తలుపు వేయమను. చారలు ఊగుతాయి. ఏసీ ఆపి, ఫ్యాను ఆపి, రోడ్డు మీద బస్సులు తగ్గే రాత్రి వేళ దాకా ఆగితే అవి నిలుస్తాయి. తరంగదైర్ఘ్యంలో పదో వంతు కదలిక అంటే ఏమిటో అప్పుడు కళ్లకు కడుతుంది. మిల్లీమీటరుకు మూడు వేల గీతలు పట్టే పది సెంటీమీటర్ల ప్లేటు, ఏ కంప్యూటరూ లేకుండా, తొమ్మిది వేల కోట్ల చుక్కల సమాచారాన్ని కొద్ది సెకన్లలో మింగేస్తుంది. నీ తెర పోటీ పడవలసింది దానితో.

తరువాత కోఠీలోనో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులోనో పాత డీఎల్పీ ప్రొజెక్టరు కొని అందులోని సూక్ష్మ దర్పణాల చిప్‌తో అరచేతి ప్రమాణం బొమ్మ కట్టు. లెక్కల భాగం ఇప్పుడు మునుపటంత భయపెట్టదు, న్యూరల్ నెట్‌వర్క్‌లు ఆ పని చేయగలవని 2021లో ఎంఐటీ వాళ్లు చూపించారు. నీకు ఎక్కువ చికాకు పెట్టేది బొమ్మ నిండా ఇసుక రేణువుల్లా మెరిసే లేజర్ స్పెకిల్. వేర్వేరు స్పెకిల్ నమూనాలను వేగంగా ఒకదాని వెంట ఒకటి చూపితే అది వాటి సంఖ్య వర్గమూలం మేరకు తగ్గుతుంది. పదహారు చూపితే నాలుగో వంతుకు వస్తుంది. ఆ వేగం డీఎల్పీ చిప్‌కు ఉంది.

రెండు విషయాల్లో మాత్రం రాజీ పడకు. చూపు కిటికీ పద్ధతిలో, చిప్ వంచకుండా వదిలేసిన నేరు కాంతి కూడా కంటి దగ్గరే కేంద్రీకృతమవుతుంది. దానిని అడ్డుకున్నాక, శక్తి మీటరుతో కొలిచాకే ఎవరినైనా ముందు కూర్చోబెట్టు. రెండోది: కంటికి చేరే ప్రతి కిరణం తెర నుంచే బయలుదేరాలి కాబట్టి బొమ్మ తెర ముందుకు ఎంత వచ్చినా, చూసేవారి దృష్టిలో తెర అంచు దాటి పక్కకు పోజాలదు. హాలు మధ్యలో గాలిలో నడిచే మనిషిని చూపిస్తానని ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

ప్లేటు కడిగి ఆరబెట్టాక దాన్ని తీసుకుని ఆదివారం ఇంటికి రా. నా దగ్గరున్న శక్తి మీటరు ఇచ్చి పంపిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య