చదివించడం, రాయించడం భాషా టీచర్ల పని మాత్రమేనా? ఒక సైన్స్ టీచరు అనుభవం

మేడమ్, మీ ప్రశ్న చదివాను. "హైస్కూల్లో కొత్తగా చేరాను, ఎనిమిదో తరగతికి సోషల్ చెప్తున్నాను, సగం మంది పాఠాన్ని గడగడా చదువుతారు గానీ ఏం చదివారో చెప్పలేరు, చదవడం రాయడం నేర్పడం తెలుగు, ఇంగ్లిష్ టీచర్ల పని కదా, నేను దానికి టైమ్ పెడితే సిలబస్ ఏం కావాలి?" అని అడిగారు. నేను నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, కలిగిరి వైపు, భౌతికశాస్త్రం చెప్తాను. సర్వీసులో మొదటి ఆరేడేళ్ళు నేను కూడా అచ్చం మీలాగే అనుకున్నాను. స్టాఫ్ రూమ్‌లో తెలుగు సారు ముందే "మీరు సరిగ్గా చెప్పి పంపితే మాకు ఈ బాధ ఉండదు కదా సార్" అని కూడా అన్నాను. ఆ మాట అని ఉండకూడదని ఇప్పటికీ అనిపిస్తుంది.

నా ఆలోచన మారింది ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి వల్ల. పరీక్షలో "బాష్పీభవనాన్ని ప్రభావితం చేసే అంశాలను వివరించండి" అని ఇచ్చాను. వాడు ఆ ప్రశ్న నంబరు వేసి కింద ఖాళీ వదిలేశాడు. వాళ్ళది పొగాకు పండించే ఇల్లు, సీజన్లో రాత్రిళ్ళు నాన్నతో పాటు బ్యారన్ (మంట పెట్టి ఆకు ఎండబెట్టే కొట్టం) దగ్గరే పడుకుంటాడు. పేపర్లు ఇచ్చిన రోజు ఊరికే మాటల్లో పెట్టి బ్యారన్‌లో ఆకు ఎలా ఎండుతుందిరా అని అడిగాను. ముందు సన్నమంట పెట్టాలి సార్, ఆకు పసుపు తిరిగాక వేడి పెంచాలి, తడిగాలి బయటికి పోయేదానికి కిటికీలు తియ్యాలి, ఆకుల్ని మరీ దగ్గరగా కడితే ఎండవు, ఆఖరికి ఈనె ఎండాలి అని ఐదు నిమిషాలు ఆగకుండా చెప్పాడు. ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వీచడం, ఉపరితల వైశాల్యం, నాలుగూ వచ్చేశాయి. మరి ఎందుకు రాయలేదురా అంటే, "ప్రభావితం చేసే అంశాలు అంటే ఏంది సార్?" అన్నాడు.

బాష్పీభవనం అనే మాట వాడికి తెలుసు, ఎందుకంటే దాన్ని నేను బోర్డు మీద రాసి, గీత గీసి, పదిసార్లు చెప్పాను. తెలియంది 'ప్రభావితం', తెలియంది 'అంశం'. ఆ మాటలు నేను ఏనాడూ చెప్పలేదు, తెలుగు సారు చెప్పి ఉంటారని అనుకున్నాను. తెలుగు వాచకంలో పద్యాలుంటాయి, కథలుంటాయి, వ్యాసాలుంటాయి, 'ఉపరితల వైశాల్యాన్ని బట్టి' లాంటి వాక్యం అక్కడ వాళ్ళకు ఎక్కడ తగులుతుంది? అది నా పుస్తకంలో వాక్యం. దాన్ని చదవడం నేర్పగలిగింది నేనే. నాకు అర్థమైంది ఇదే మేడమ్, మిగతాదంతా దీని నుంచి వచ్చిందే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. బ్రిటన్‌లో ఇంగ్లిష్ బోధన మీద ప్రభుత్వం వేసిన బుల్లక్ కమిటీ 1975లోనే భాష నేర్పడం ప్రతి సబ్జెక్టు టీచరు బాధ్యత అని చెప్పింది. మన దగ్గర రెండేళ్ళ బీఈడీ వచ్చాక 'లాంగ్వేజ్ అక్రాస్ ద కరికులమ్' (అన్ని సబ్జెక్టుల్లోనూ భాష) అని ఒక పేపరే పెట్టారు, బహుశా మీరు రాసి పాసై ఉంటారు కూడా. కాకపోతే పేపర్లో చదివింది క్లాసులోకి ఎలా దించాలో ఎవరూ చూపించరు.

నేను చేసేది చెప్తాను. కొత్త పాఠం మొదలుపెట్టిన రోజు పాఠం మొత్తం చదివించను. అందులో అన్నిటికన్నా ముఖ్యమైన ఒక్క పేరా తీసుకుంటాను, ఐదారు లైన్లు చాలు. దాన్ని నేనే పైకి చదువుతాను, చదువుతూ నా మనసులో ఏం జరుగుతోందో అది కూడా పైకే చెప్తాను. "ఇక్కడ 'దీని వలన' అన్నాడు, దేని వలన? వెనక్కి వెళ్ళి చూద్దాం", "'అయినప్పటికీ' అన్నాడంటే ఇప్పటిదాకా చెప్పినదానికి ఎదురుగా ఏదో చెప్పబోతున్నాడు", "ఈ వాక్యం చాలా పొడుగు, ఎవరు ఏం చేశారో ముందు వెతుక్కుందాం, మిగతాది తర్వాత" ఇట్లా. బాగా చదివేవాళ్ళు ఈ పని తలలోపల చేసేస్తారు కాబట్టి అది పిల్లలకు కనబడదు. అర్థం కాకపోతే ఆగి వెనక్కి పోవచ్చు అనే సంగతే చాలామందికి తెలియదు, చదవడం అంటే ఆగకుండా చివరిదాకా పోవడమే అనుకుంటారు.

ఒక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. 'పని' పాఠం. వస్తువు మీద బలం పనిచేసి, ఆ బలం దిశలో వస్తువు కదిలితే పని జరిగినట్టు. పిల్లలు దీన్ని అప్పజెప్పేస్తారు. మా వైపు కొన్ని ఊళ్ళలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, తాగేనీళ్ళు దూరం నుంచి మోసుకురావాల్సిన ఇళ్ళు ఉన్నాయి. నెత్తిన బిందె పెట్టుకుని చదునుగా ఉన్న దారిలో కిలోమీటరు నడిచింది మీ అమ్మ, బిందెను మోస్తున్న బలం పని చేసిందా లేదా అని అడిగాను. క్లాసంతా చేసింది అంది. మళ్ళీ చదవండి అన్నాను. నాలుగోసారి చదివినప్పుడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి "దిశలో అని ఉంది సార్, బలం పైకి, నడక ముందుకి" అంది. ఆ వాక్యం మొత్తం ఆ ఒక్క 'దిశలో' అనే చిన్న మాట మీద నిలబడి ఉంది, అప్పటిదాకా ఎవరూ దాన్ని చదవలేదు, కళ్ళు దాని మీదుగా పోయాయంతే. వెంటనే ఇంకొకడు "మరి మెడ ఎందుకు నొప్పి పుడతా ఉంది సార్?" అన్నాడు. అది చాలా మంచి ప్రశ్న. బిందె కదలకుండా పట్టి ఉంచడానికి కూడా కండరాలు బిగుసుకునే ఉండాలి, దానికి ఒంట్లో శక్తి ఖర్చవుతూనే ఉంటుంది, కానీ భౌతికశాస్త్రం 'పని' అనేది దాన్ని కాదు. ఇంట్లో వాడే 'పని' వేరు, పుస్తకంలో 'పని' వేరు. ఇలా ఇంటి మాటే పుస్తకంలో వేరే అర్థంతో కూర్చున్న చోట పిల్లలు ఎక్కువగా దెబ్బతింటారు, ఎందుకంటే ఆ మాట తమకు తెలుసని వాళ్ళకు నమ్మకం.

మీ సోషల్‌లో కూడా ఇవి బోలెడు ఉంటాయి. జనసాంద్రత చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి నెల్లూరు జిల్లా జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 227. ఆ అంకెను బట్టీ పట్టించకుండా, మరి మన ఊరి అడవిలో కూడా చదరపు కిలోమీటరుకు 227 మంది ఉన్నారా అని అడిగి చూడండి, సగటు అంటే ఏమిటో అక్కడ మొదలవుతుంది. నేను అదే పిల్లలకు పదార్థాల సాంద్రత చెప్తాను. మా సోషల్ సారూ నేనూ ఒకే వారంలో ఈ రెండూ చెప్పేలా సర్దుకున్న ఏడాది, 'ఇంత చోటులో ఎంత' అనే అర్థం పిల్లలే పట్టుకున్నారు. దీనికి మీటింగులు అక్కర్లేదు, టీ తాగేటప్పుడు మాట్లాడుకుంటే సరిపోతుంది.

లెక్కల మేడమ్ చెప్పిన సంగతి ఒకటి ఉంది. ఇంగ్లిష్‌లో 'ఫైవ్ లెస్ దాన్ ఎక్స్' అని ఇస్తే చాలామంది ఐదులోంచి ఎక్స్ తీసేస్తారు, మాటలు వచ్చిన వరసలోనే రాసేస్తారు కాబట్టి. అదే తెలుగు పేజీలో 'ఎక్స్ కంటే 5 తక్కువ' అని చూపిస్తే సరిగ్గా రాస్తారు, మన వాక్యంలో ఎక్స్ ముందు వస్తుంది కదా. మనకు 2020-21 నుంచి ఒక పక్క ఇంగ్లిష్, ఒక పక్క తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లిష్ మీడియం అని చెప్పి తెలుగు పేజీ చూడనివ్వని టీచర్లు ఉన్నారు, అది పిల్లలకు అన్యాయం అని నా గట్టి అభిప్రాయం. ముందు తెలుగు పేజీలో అర్థం పట్టుకోనివ్వండి, తర్వాత అదే వాక్యం ఇంగ్లిష్‌లో ఎక్కడుందో వెతికించండి. ఆ వెతకడమే ఇంగ్లిష్ చదవడం నేర్పుతుంది.

ఇక రాయడం. మన స్కూళ్ళలో రాయడం అంటే బోర్డు మీద జవాబు ఎక్కించుకోవడం, లేకపోతే గైడు చూసి దించడం. నేనూ ఏళ్ళ తరబడి అదే చేయించాను, నోట్సులు ముత్యాల్లా ఉండేవి, తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు పీరియడ్ ఆఖరి ఐదు నిమిషాల్లో రెండే వాక్యాలు రాయమంటాను: ఈ రోజు ఏం చూశావు, అది ఎందుకు అలా జరిగింది. పుస్తకం మూసేసి, సొంత మాటల్లో. మొదట్లో 'ఈ రోజు సార్ బాష్పీభవనం చెప్పారు' అని రాసి ఊరుకుంటారు. కంగారు పడకండి. రోజుకు పది నోట్సులు మాత్రమే చూస్తాను, 42 మంది ఉంటే వారంలో అందరివీ ఒకసారి చూసినట్టవుతుంది. ఒత్తులు, దీర్ఘాలు ముందు దిద్దను. ఒకే ఒక్క ప్రశ్న రాస్తాను, 'ఎందుకు?' అనో, 'దేనికంటే ఎక్కువ?' అనో. దానికి జవాబుగా మరుసటి రోజు ఇంకో వాక్యం రాయాలి. నోటు పుస్తకం నిండా ఎర్ర సిరా చూసిన పిల్లలు తర్వాతిసారి తప్పు రాకుండా చిన్నగా రాయడమే నేర్చుకుంటారు, ఇది నేను నా కళ్ళతో చూశాను. ఎక్కువమంది చేసే తప్పులు ఓ రెండు మూడు ఏరి, నెలకోసారి క్లాసు మొత్తానికి కలిపి చెప్తాను, అది చాలు.

ప్రశ్నపత్రాల్లో మాటలు కూడా విడిగా నేర్పాలి. వివరించండి, పోల్చండి, కారణాలు తెల్పండి, సమర్థించండి, వీటిలో ఏది అడిగినా ఒకటే జవాబు రాస్తున్నారు. 'పోల్చండి' అంటే రెండింటి గురించీ ఒకే వాక్యంలో చెప్పాలిరా అని చూపిస్తే చాలామందికి అదే మొదటిసారి వినడం.

మీరు మా వైపు ఉంటే సోషల్‌కు ఇంతకంటే మంచి సరుకు ఎక్కడా దొరకదు. దూబగుంట మా కలిగిరి మండలంలోదే. 1991లో ఆ ఊరి ఆడవాళ్ళు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూ, వాచకంలో సారా మీద ఉన్న పాఠం చదివి, మన ఊళ్ళో జరిగేదీ ఇదే కదా అని సారాకు ఎదురుగా లేచారు. వాళ్ళను ముందుండి నడిపిన రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ రోజుల్ని చూసిన అవ్వలు ఇప్పటికీ ఉన్నారు. పిల్లలను నాయనమ్మల దగ్గరికి పంపి, వాళ్ళు చెప్పింది ఒక పేజీ రాసుకురమ్మనండి, క్లాసులో ఇద్దరి పేజీలు పక్కపక్కన పెట్టి ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ తేడా ఉంది అని చదివించండి. చరిత్ర పాఠం ఎలా తయారవుతుందో దాంతో తెలుస్తుంది. మా సోషల్ సారు చేయించినప్పుడు, ఏడాదంతా ఒక్క పేరా రాయని అమ్మాయి రెండు పేజీలు రాసుకొచ్చింది, ఎందుకంటే అవి వాళ్ళ అవ్వ మాటలు.

సిలబస్ సంగతి దాచను. మొదటి ఏడాది ఆగస్టు నాటికి నేను ఒక పాఠం వెనకబడ్డాను, చాలా టెన్షన్ పడ్డాను, హెడ్‌మాస్టర్ గారు అడిగారు కూడా. డిసెంబర్ వచ్చేసరికి వేగం అందుకుంది, ఎందుకంటే తేలిక పాఠాలు పిల్లలే ఇంట్లో చదువుకుని రాగలిగారు, నేను ప్రతి వాక్యం చెప్పాల్సిన అవసరం తగ్గింది. అందరూ మారిపోయారని చెప్పను. అక్షరాలే పూర్తిగా రాని పిల్లలకు ఈ పద్ధతి సరిపోదు. వాళ్ళ సంగతి వేరు, తెలుగు టీచరుతో కలిసి రోజూ ఓ ఇరవై నిమిషాలు విడిగా కూర్చోబెట్టాల్సిందే. వాళ్ళను అందరి ముందూ నిలబెట్టి చదవమని మాత్రం దయచేసి అనకండి. అట్లా నిలబడ్డ మరుసటి రోజు నుంచి బడి మానేసిన పిల్లవాడిని తీసుకురావడానికి నేను వాళ్ళింటికి మూడుసార్లు వెళ్ళాను.

మీరు ఇప్పుడు ఏ పాఠంలో ఉన్నారో ఇక్కడ రాయండి. అందులో మొదలుపెట్టడానికి ఏ పేరా బాగుంటుందో మా సోషల్ సారును అడిగి చెప్తాను.