తాతగారి మిలిటరీ డిశ్చార్జి కాగితాల కోసం

రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) చేరి, జబ్బుచేసి మధ్యలోనే ఇంటికొచ్చిన మీ తాతగారి వివరాలు ఎలా దొరుకుతాయని అడిగారు కదండీ. సిపాయిల ఫైళ్లు వాళ్ల రెజిమెంటు రికార్డు ఆఫీసే చూస్తుంది. సాపర్స్‌కి అది బెంగళూరులో, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ దగ్గర ఉంది.

ముందు సర్వీసు నంబరు పట్టుకోండి. అది లేకుండా ఒకే పేరున్న ఇంతమందిలో మనిషిని తేల్చడం చాలా కష్టం. పాత ట్రంకుపెట్టెలో డిశ్చార్జి సర్టిఫికెట్ ఉందేమో అడుగుదాకా వెతకండి. నంబరు, ర్యాంకు, పంపేసిన కారణం అందులోనే రాస్తారు. పింఛను వచ్చి ఉంటే ఆ కాగితాలూ పనికొస్తాయి.

జబ్బు సంగతి తెలియాలంటే మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ (సైనిక డాక్టర్లు పరీక్షించి రాసిన కాగితాలు) కావాలని, రికార్డు ఆఫీసుకు పెట్టే అర్జీలో విడిగా రాయండి. పింఛను లేనివాళ్ల ఫైళ్లను గడువు దాటాక తీసేసే నిబంధన ఉంది, కాబట్టి పింఛను రాకపోతే ఆ ఫైలు ఇప్పటికే తీసేసి ఉండొచ్చు, అయినా అడిగి చూడండి. అర్జీ రాయడం తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఒక్కమాట, మెడికల్ మీద పంపారంటే తప్పుచేసి పంపినట్టు కాదు. ఇంట్లోవాళ్లకు ఆ టెన్షన్ అక్కర్లేదు.