అరిగిన బ్యారెల్ స్థానంలో ఏది?

ప్రశ్న: టెక్సాస్‌లోని మా తమ్ముడి .223 రెమింగ్టన్ రైఫిల్ బ్యారెల్ అరిగిపోయింది. ప్రెయిరీ డాగ్‌ల (ఉడత జాతి చిన్న జంతువులు) వేట కోసం .22-250 అనే మరో రకం తూటాకి మారతానంటున్నాడు. ట్విస్ట్ (బుల్లెట్‌ను తిప్పే బ్యారెల్ లోపలి గాడుల మెలిక) ఎంత ఉండాలి?
– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: .223లోనే ఉండమనండి. .22-250 తూటా అడుగు 0.473 అంగుళాలు, .223ది 0.378. అంటే బోల్టు (తూటా అడుగును పట్టి ఉంచే భాగం) కూడా మార్చాలి. పైగా .22-250లో తుపాకి మందు ఎక్కువ, బ్యారెల్ త్వరగా అరుగుతుంది.

ట్విస్ట్‌ను తేల్చేది బుల్లెట్ బరువు కన్నా పొడవు. సీసం లేని రాగి బుల్లెట్ అదే బరువుకు పొడవెక్కువ, ఇది చాలామంది మరిచిపోతారు. 40-55 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) సీసం బుల్లెట్లకు 12 అంగుళాలకు ఒక చుట్టు చాలు. 75 గ్రెయిన్లవీ కాల్చాలంటే 8 అంగుళాలకు ఒక చుట్టు కావాలి. చుట్టు చాలకపోతే బుల్లెట్ అడ్డం తిరిగి టార్గెట్‌పై పొడుగాటి చిల్లు పడుతుంది. 8 అంగుళాల ట్విస్ట్‌లో పలుచని తొడుగున్న తేలిక బుల్లెట్లను మరీ వేగంగా పంపితే గాలిలోనే చిట్లవచ్చు. కొత్త బ్యారెల్ బిగించాక గో, నో-గో అనే కొలత గేజీలతో హెడ్‌స్పేస్ (బోల్టుకూ, బ్యారెల్‌లో తూటా ఆనే చోటుకూ మధ్య దూరం) చూడకుండా కాల్చకూడదు.

మన దగ్గరైతే విడి బ్యారెల్ కూడా 1959 ఆయుధ చట్టం కిందికే వస్తుంది.