జర్మన్ ‘ప్రమోషన్’ పదోన్నతి కాదు

సందేహం: జర్మన్ రాజనీతి శాస్త్ర ఆచార్యుడు కార్ల్ డీట్రిష్ బ్రాఖర్ మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. ఆయన వివరాల్లో ‘ప్రమోషన్ – ట్యూబింగెన్, 1948, హాబిలిటేషన్ – బెర్లిన్, 1955, చైర్ – బాన్, 1959’ అని ఉంది. వీటిని వరసగా పదోన్నతి, పోస్ట్ డాక్టరేట్, శాఖాధ్యక్ష పదవి అని రాశాను. సరేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: మూడూ మార్చాలి. మొదటిదాన్ని మాత్రం ఇవాళే దిద్దండి.

జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ ఆ మాటకు స్పెల్లింగ్ ఒకటే. ‘ముందుకు జరపడం’ అనే లాటిన్ మాట నుంచే రెండూ పుట్టాయి. ఇంగ్లీషువాళ్లు ఉద్యోగంలో పైమెట్టు ఎక్కడానికి వాడుకున్నారు. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో మాత్రం ప్రమోషన్ అంటే డాక్టరేట్ పొందడం. 1922లో స్టుట్‌గార్ట్‌లో పుట్టిన బ్రాఖర్, యుద్ధంలో పట్టుబడి అమెరికాలో ఖైదీగా గడిపి, తిరిగొచ్చి ట్యూబింగెన్‌లో చదువుకున్నారు. 1948 నాటికి ఆయన ఇంకా విద్యార్థే! విద్యార్థికి పదోన్నతి ఏమిటని మీ పాఠకుడు ఆగిపోతాడు. ‘డాక్టరేట్ అందుకున్నారు’ అంటే చాలు.

హాబిలిటేషన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పోస్ట్ డాక్టరేట్ అనగానే మనవాళ్లకు రెండు మూడేళ్ల ఫెలోషిప్పు గుర్తొస్తుంది. ఇది అది కాదు. డాక్టరేట్ తర్వాత మరో పెద్ద పరిశోధన గ్రంథం రాసి, అధ్యాపక మండలి ముందు ఉపన్యసించి, ఆ శాస్త్రాన్ని స్వతంత్రంగా బోధించే హక్కు సంపాదించుకోవడం. ఆ రోజుల్లో ఆచార్య పదవికి అదే మామూలు దారి. బ్రాఖర్ మొదటి సిద్ధాంత వ్యాసం ప్రాచీన రోము ఆలోచన మీద. రెండోది హిట్లర్‌కు ముందు జర్మనీలో ఉన్న వైమార్ గణతంత్రం ఎలా కూలిపోయిందన్న దాని మీద. చరిత్ర విద్యార్థి రాజనీతి శాస్త్రంలోకి అడుగుపెట్టిన చోటు అదే. కాబట్టి ఈ మాట దగ్గర తొందరపడకండి. మాట మూలార్థం ‘తగినవాణ్ని చేయడం’. ‘అధ్యాపనార్హత’ అనండి. మొదటిసారి వచ్చినచోట పక్కన ‘హాబిలిటేషన్’ అని రాసి, ఒక వాక్యంలో వివరించండి. సొంత మాట లేనిచోట అరువు మాటను దాచిపెట్టడం నాకు నచ్చదు.

ఇక చైర్. మన కాలేజీల్లో శాఖాధ్యక్షులంటే కొన్నేళ్లకొకసారి మారే పరిపాలన బాధ్యత. జర్మనీలో అది ఆచార్యుడి స్థిరమైన స్థానం. అక్కడి మాటకు అర్థం ‘బోధనాసనం’. మనకు ‘పీఠం’ ఉండనే ఉంది కదా, ఎంత చక్కగా అమరింది! ‘ఆచార్య పీఠం’ అనండి. మరో సంగతి, జర్మన్లు పీఠానికి ‘పిలుపు వచ్చింది’ అనే అంటారు. మన నుడికారం కూడా అదే కనుక నిస్సంకోచంగా వాడుకోండి.

అప్పుడు మీ వాక్యం ఇలా ఉంటుంది: ‘1948లో ట్యూబింగెన్‌లో డాక్టరేట్ అందుకున్న బ్రాఖర్, 1955లో బెర్లిన్‌లో అధ్యాపనార్హత సంపాదించారు. 1959లో బాన్ నుంచి పిలుపు రాగా అక్కడి ఆచార్య పీఠం అలంకరించి, 1987 దాకా కొనసాగారు.’