మట్టిపని మొదలుపెట్టే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంట్లో మట్టిపని మొదలుపెడుతున్నానని, ఏ కుమ్మరి సారె కొనమంటావని అడిగావు. ఇప్పుడే సారె కొనకమ్మా. తిరిగే సారె మీద మట్టిముద్దను కదలకుండా మధ్యలో నిలపడానికే వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ చేతులు సారెతో కుస్తీ పడతాయి, మట్టి స్వభావం మాత్రం తెలియదు. ఇప్పటికి 5 కిలోల మట్టి, ఒక చెక్కపలక, నీ రెండు చేతులు చాలు. నేర్చుకోవాల్సింది పదును. మట్టిలో నీరు ఎంతుంది, ఎటు నుంచి పోతోంది, ఎంత వేగంగా పోతోంది అన్నదే. పగుళ్లు, వంకరలు, ఊడిపోయిన పిడులు, కాల్చేటప్పుడు పేలిన గిన్నెలు, వీటిలో చాలావాటికి మూలం అక్కడే దొరుకుతుంది.

మట్టి కొనేముందు దాన్ని ఎక్కడ కాల్పిస్తావో తేల్చుకో. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు మట్టి కొంటారు, వస్తువులు చేస్తారు, ఆ తర్వాత కిల్న్ కోసం, అంటే మట్టిపాత్రలు కాల్చే బట్టీ కోసం, వెతుకుతారు. వంటింటి ఓవెన్ వేడి 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగిపోతుంది. మట్టి మళ్లీ నీళ్లలో కరగని పదార్థంగా మారాలంటే సుమారు 600 డిగ్రీలు దాటాలి, వాడుకోదగ్గ గట్టిదనం రావాలంటే ఇంకా చాలా పైకి వెళ్లాలి. ఎర్రగా కాలే టెర్రకోట రకం మట్టి 1,000 డిగ్రీల దగ్గర కాలుతుంది. ఇంకా ఎక్కువ వేడికి కాలే స్టోన్‌వేర్ రకం మట్టికి 1,200 నుంచి 1,300 కావాలి. టెర్రకోట మట్టిని స్టోన్‌వేర్ వేడికి గురిచేస్తే కూలి కరిగి, కిల్న్‌లోని అరకు అంటుకుపోతుంది. నీ వస్తువే కాదు, కిల్న్ వాళ్ల సామానూ పాడవుతుంది. కాబట్టి కాల్చిపెట్టే కుమ్మరినో స్టూడియోనో ముందే వెతుక్కుని, వాళ్లు ఏ వేడికి కాలుస్తారో అడిగి, ఆ వేడికి తగిన మట్టే తెచ్చుకో. ఆ మట్టిలో కాస్త గ్రాగ్, అంటే కాల్చి నూరిన మట్టిరవ్వ, కలిసి ఉంటే చేతిపనికి మంచిది. తక్కువ కుంచించుకుంటుంది, తక్కువ పగులుతుంది. చేతికి గరుకుగా తగిలినా మొదట్లో అదే నయం.

కాల్చే దారి దొరకకపోతే గాలికి ఆరే మట్టి అమ్ముతారు, అలంకారానికి పనికొస్తుంది. కానీ అది కాలిన మట్టి కాదు. తడి తగిలితే మెత్తబడుతుంది, నీళ్లకూ తిండికీ వాడకూడదు. పైన వార్నిష్ పూసినా ఆ మాట మారదు. నన్నడిగితే మామూలు మట్టితోనే చేసి, చూసుకుని, మళ్లీ నానబెట్టి వాడుకోవడం మేలు. కాల్చనంతవరకు మట్టి వృథా కాదు.

పనిముట్ల కోసం ఎక్కువ ఖర్చుపెట్టకు. మట్టి అంటుకోకుండా పలక మీద పరవడానికి ముతక నూలుగుడ్డ, అప్పడాల కర్ర, పాత టూత్‌బ్రష్, స్పాంజ్, నీళ్లు చల్లే స్ప్రే సీసా, నునుపు చేయడానికి పాత ప్లాస్టిక్ కార్డు, పుల్లకు గుచ్చిన సూది, చివర్లకు రెండు గుండీలు కట్టిన సన్నని తీగ. ఇంకా 8 మిల్లీమీటర్ల మందమున్న రెండు చెక్కబద్దలు, ప్లాస్టిక్ సంచులు. సంచులు మాత్రం ఎన్ని ఉన్నా ఎక్కువ కావు.

మొదట మట్టిని మర్దించాలి. అరచేతుల మడమలతో ముందుకు నొక్కి, పావు వంతు వెనక్కి మడిచి, మళ్లీ నొక్కు. ఒక 50 సార్లు అలా చేశాక తీగతో ముద్దను రెండుగా కోసి చూడు. కోసిన ముఖం ఒకే రంగులో, గుల్లలు లేకుండా ఉండాలి. గట్టి ఉండలూ మెత్తటి చారలూ కనిపిస్తే ఇంకా మర్దించు. లోపల గాలిబుడగ మిగిలితే కాల్చేటప్పుడు పేలుతుందని చాలామంది నమ్ముతారు. పేల్చేది గాలి కాదు, నీరు. పూర్తిగా ఆరిన మట్టిలోని బుడగ చాలాసార్లు ఏ హానీ చెయ్యదు. అయినా మర్దన మానకూడదు, ఎందుకంటే ముద్దంతా ఒకే పదునుకు వచ్చేది దానివల్లే. సరైన పదునులో ఉన్న మట్టిని వేలెడంత మందాన పామి వేలికి చుడితే బీటలివ్వకూడదు, వేలికి అంటుకోనూ కూడదు. బీటలిస్తే నీళ్లు చల్లి మర్దించు. అంటుకుంటే గుడ్డ మీద పరిచి కాసేపు ఆరనివ్వు.

మొదటి వస్తువు గిన్నె. 300 గ్రాముల ముద్ద తీసుకుని గుండ్రంగా చేసి, ఒక అరచేతిలో పెట్టుకుని, రెండో చేతి బొటనవేలిని మధ్యలో దించు. అడుగున 8 మిల్లీమీటర్లు మిగిలేచోట ఆగు. తర్వాత బొటనవేలు లోపల, మిగతా వేళ్లు బయట ఉంచి చిన్నగా నొక్కు, కొంచెం తిప్పు, మళ్లీ నొక్కు. అడుగు నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా పైకి రా. అందరూ చేసే తప్పు అంచునే ముందు పలచన చేయడం. అంచు పలచనైతే విచ్చుకుని పళ్లెంలా వాలిపోతుంది, చేతివేడికి ఎండి చీలుతుంది. చీలగానే నీళ్లు పోసి రుద్దాలనిపిస్తుంది. వద్దు. నీళ్లు పైన జారుడు చేస్తాయి గానీ చీలిక లోపల అలాగే ఉండి, ఆరాక మళ్లీ తెరుచుకుంటుంది. వేలు తడి చేసుకుని చీలిక రెండు వైపుల మట్టినీ దగ్గరికి నొక్కి కలుపు. గిన్నె మెత్తబడి కూలుతోందనిపిస్తే అంచు మీద బోర్లించి అరగంట వదిలెయ్యి. తనంతట తానే బిగుస్తుంది. మట్టితో పని అంటే సగం ఇలా ఆగడమే.

పొడుగు వస్తువులకు మట్టితాళ్లు. చిటికెన వేలంత మందాన, 12 మిల్లీమీటర్ల దాకా, వేళ్లు విప్పి అరచేతితో పాము. వేలి కొసలతో పామితే గుంటలు పడతాయి. అడుగు బిళ్ల మీద ఒక చుట్టు పెట్టి, లోపలి వైపు మట్టిని వేలితో కిందికి లాగి అతుకు, తర్వాత బయటి వైపు కూడా. బయట గీతలు అందంగా ఉన్నాయని అలాగే ఉంచుకోవచ్చు, లోపల మాత్రం అతకాల్సిందే. ఒకేసారి 10 సెంటీమీటర్లకు మించి లేపకు. కింది భాగం కాస్త బిగిశాక పైన కట్టు, లేకపోతే తన బరువుకే కుంగుతుంది. ఆపిన చోట అంచును తడిగుడ్డతో కప్పి ఉంచు.

రేకులుగా పరిచేటప్పుడు ముద్దకు అటూ ఇటూ చెక్కబద్దలు పెట్టి వాటి మీద అప్పడాల కర్ర నడిపితే మందం సమంగా వస్తుంది. ఒకవైపే పామకుండా నాలుగైదుసార్లు తిరగేస్తూ పాము. మట్టి తనకు జరిగింది గుర్తుపెట్టుకుంటుంది. రేకును మూల పట్టుకుని ఎత్తి మళ్లీ చదును చేసినా, ఆరేటప్పుడు ఆ మూలే పైకి లేస్తుంది. గుడ్డతో సహా ఎత్తి పలక మీదికి తిరగెయ్యి.

అతుకుల విషయం ఓపిగ్గా చదువు. అతికించే రెండు ముక్కలూ ఒకే పదునులో ఉండాలి. మెత్తటి పిడిని బిగిసిన కప్పుకు అతికిస్తే, ఇంకా కుంచించుకోవాల్సింది పిడి, దాదాపు కుంచించుకోవడం అయిపోయింది కప్పు. రెంటి మధ్యా గీత పడి ఊడుతుంది. రెండూ తోలులా బిగిసిన దశకు, లెదర్ హార్డ్ అంటారే, దానికి కాస్త ముందున్నప్పుడు పట్టుకో. రెండు ముఖాల మీదా టూత్‌బ్రష్‌తోనో సూదితోనో 2 మిల్లీమీటర్ల లోతుగా అడ్డదిడ్డంగా గీతలు గియ్యి. అదే మట్టిని నీళ్లలో మీగడలా చిక్కగా కలిపిన అడుసు పూయి. దీన్నే స్లిప్ అంటారు. ముక్కలను అటూ ఇటూ కదుపుతూ, అడుసు పక్కలకు ఉబికేదాకా నొక్కు. అతుకు మూలలో సన్నని మట్టితాడు పెట్టి వేలితో నున్నగా కలిపెయ్యి. అంతటితో అయిపోలేదు. వస్తువంతటినీ సంచిలో మూసి ఒక రాత్రి ఉంచితే తేమ రెండు ముక్కలకూ సమంగా పాకుతుంది. తర్వాత ఆరబెట్టేటప్పుడు పిడి సన్నం కాబట్టి ముందే ఆరాలని చూస్తుంది. దానికి విడిగా ఒక ప్లాస్టిక్ ముక్క చుట్టి, కప్పుతో పాటే నిదానంగా ఆరేలా చూడు.

ఆరబెట్టడంలోనే ఎక్కువ వస్తువులు పోతాయి. ఎండలో పెట్టకు, ఫ్యాన్ కింద పెట్టకు. మొదటి రెండు రోజులు సంచిని పూర్తిగా మూసి, తర్వాత వదులుగా కప్పి, చివర్లో తీసెయ్యి. మామూలు గిన్నెకు వారం నుంచి 10 రోజులు వేసుకో, వాన రోజుల్లో ఇంకా ఎక్కువ. కింద నాలుగు మడతల పాత కాగితం వేస్తే కుంచించుకునేటప్పుడు అడుగు జరగడానికి వీలుంటుంది. రేకులను రెండు పలకల మధ్య పెట్టి రోజుకోసారి తిరగెయ్యి.

పగులు వస్తే పారేసే ముందు అది ఎక్కడ వచ్చిందో చూడు. అంచు నుంచి కిందికి దిగిన పగులంటే అంచు ముందుగా ఆరిందన్నమాట, ఈసారి అంచుకు ప్లాస్టిక్ కట్టు. అడుగున మధ్యలో పగిలితే అడుగు మందంగా ఉండి పక్కల కంటే ఆలస్యంగా ఆరింది, లేదా పలకకు అంటుకుని కదల్లేకపోయింది. చేసేటప్పుడు అడుగును కార్డుతో గట్టిగా నొక్కి పామితే ఇది తగ్గుతుంది. అతుకు దగ్గర పగిలితే పదును తేడా. పూర్తిగా ఆరిన వస్తువు పగుల్ని తడిమట్టితో పూడ్చే ప్రయత్నం చెయ్యకు. అది నిలవదు. దాన్ని నానబెట్టే బకెట్లో వేసి, ఇంకోటి చెయ్యి.

ఎంత కుంచించుకుంటుందో నీ మట్టినే అడుగు. ఒక రేకు మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి, ఆరాక ఒకసారి, కాలాక ఒకసారి కొలువు. కాలాక 8.8 ఉంటే 12 శాతం తగ్గిందన్నమాట. చివరికి 9 సెంటీమీటర్ల ఎత్తు కప్పు కావాలంటే, 9ని 0.88తో భాగించి 10.2 ఎత్తున చెయ్యాలి. మూతలూ వాటి కింది పాత్రలూ ఒకే రోజు, ఒకే ముద్దలోంచి చేయమనేది కూడా ఇందుకే.

కాల్చడానికి ఇచ్చేముందు వస్తువును చెంపకు ఆనించి చూడు. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. దారి దొరక్కపోతే పాత్రను ముక్కలు చేసి, పక్కనున్నవాళ్ల వస్తువుల మీద చిమ్ముతుంది. అందుకే కిల్న్ వాళ్లు ముందు 80, 90 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆపుతారు. ఆరినట్టు కనిపించే మట్టిలోనూ, దాని నిర్మాణంలో కలిసిపోయిన నీరు ఇంకా ఉంటుంది. అది సుమారు 350 నుంచి 600 డిగ్రీల మధ్య వెళ్తుంది. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు మళ్లీ కుంచించుకుంటుంది. కిల్న్ తలుపు తొందరపడి తీయనివ్వకపోవడానికి అదొక కారణం. నీ వంతుగా గోడ మందం 2 సెంటీమీటర్లు దాటకుండా చూడు. బొమ్మలు చేస్తే లోపల బోలుగా తొలిచి, కనపడని చోట ఒక బెజ్జం పెట్టు.

గ్లేజ్, అంటే పాత్ర మీద పూసి కాల్చే గాజుపూత, తర్వాతి ముచ్చట. ఇప్పటికి రెండు మాటలు. తినే పాత్రలకు ఆహారానికి సురక్షితమని తయారీదారు రాసిన గ్లేజే, చెప్పిన వేడికే కాల్పించు. సీసం, కాడ్మియం ఉన్నవాటి జోలికి పోకు. అడుగున, అడుగు నుంచి 3 మిల్లీమీటర్ల ఎత్తు వరకు గ్లేజ్ తుడిచెయ్యి, లేకపోతే పాత్ర అరకు అతుక్కుంటుంది. గ్లేజ్ లేని టెర్రకోటలో నీళ్లు చెమరుస్తాయి, అది లోపం కాదు, దాని గుణం.

తల్లీ, ఈ ఒక్క విషయంలో మొహమాటం లేకుండా చెబుతున్నాను. పొడిమట్టి దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి, అది నయమయ్యేది కాదు. కాబట్టి చీపురు పట్టుకోకు, తడి స్పాంజ్‌తో తుడువు. ఆరిన వస్తువును సాండ్‌పేపర్‌తో రుద్దకు, తోలులా ఉన్నప్పుడే తడి స్పాంజ్‌తో నునుపు చేసుకో. పొడిమట్టి కలపాల్సి వస్తే ఎన్95 మాస్కు పెట్టుకో. పని గుడ్డలు పడుకునే గదిలో దులపకు. చేతులు సింకులో కడగకు, మట్టి గొట్టంలో పేరుకుని గట్టిపడుతుంది. బకెట్లో కడిగి, ఒక రాత్రి తేరనిచ్చి, పై నీళ్లు పారబోసి, అడుగు మట్టిని మళ్లీ వాడుకో.

పాడైనవాటిని నానబెట్టే ముందు పూర్తిగా ఎండనివ్వు. బాగా ఎండిన మట్టి నీళ్లను ఒక్కసారిగా పీల్చుకుని, దానంతట అదే విరిగి పొడిపొడి అవుతుంది. సగం తడిగా ఉన్న ముద్ద రోజులు గడిచినా కరగదు, ఎందుకంటే దాని రంధ్రాల్లో అప్పటికే నీరుంది. ముక్కలు మునిగేదాకా నీళ్లు పోసి, కలపకుండా ఒక రోజు వదిలెయ్యి. పై నీళ్లు వంచేసి, ఆ అడుసును మందపాటి గుడ్డ మీద గానీ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ దిమ్మ మీద గానీ పరిచి, పదునుకు రాగానే మర్దించు. దిమ్మ పెచ్చులు మట్టిలో కలవనివ్వకు. కాలాక అవి తేమ పీల్చి ఉబ్బి, పాత్ర పైపొరను ఊడగొడతాయి. మిగిలిన మట్టిని తడిగుడ్డ చుట్టి రెండు సంచుల్లో కట్టు. బూజు పట్టి వాసనొస్తే పారెయ్యకు, నిల్వ ఉన్న మట్టి ఇంకా జిగటగా, చెప్పినట్టు వినేలా తయారవుతుంది.

మొదటి 10 గిన్నెలు దాచుకోవడానికి చెయ్యకు. ఒక్కొక్కటి పూర్తికాగానే తీగతో నిలువుగా రెండుగా కోసి, గోడ మందం కొలిచి చూడు. అడుగు మూలలో మట్టి ఎంత పేరుకుందో అప్పుడు కళ్లకు కనబడుతుంది. అంచు నుంచి అడుగుదాకా తేడా 2 మిల్లీమీటర్లు దాటనప్పుడు, 11వ గిన్నెను ఆరబెట్టు. దాన్ని కాల్పించాక, కొలిచిన గీత ఎంతకు తగ్గిందో నాకు రాయి, పిడి ఉన్న కప్పు కొలతలు అప్పుడు పంపిస్తాను.

ఇట్లు,
పెద్దమ్మ